ఇంటి వైఫైకి ఫ్యామిలీ ఫిల్టర్: క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.3 మంచిదా, క్లీన్‌బ్రౌజింగా?

సర్కారు జాబితాతో బూతు సైట్లు ఆగుతాయా అన్నది ఇప్పటికే రెండుసార్లు తేలిపోయింది. 2015 జులై 31న టెలికం శాఖ 857 సైట్లు మూయమంది. గోల లేచేసరికి వారం తిరక్కుండానే వెనక్కి తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత 827 సైట్లకు మళ్లీ మూత పడింది. వాటిలో పెద్దదొకటి పేరు చివర డాట్ కామ్ తీసి డాట్ నెట్ తగిలించుకుని వచ్చేసింది. పైగా మూసే తీరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. కొందరు డీఎన్ఎస్‌లో (సైటు పేరు చెబితే దాని నెట్ చిరునామా చెప్పే డైరెక్టరీ) పేరు కొట్టేస్తారు, కొందరు కనెక్షన్ మొదట్లో కనబడే సైటు పేరు చూసి తెంపేస్తారు. అందుకే ఒక సిమ్‌లో రానిది పక్క సిమ్‌లో వస్తుంది.

కాబట్టి పిల్లలున్న ఇంట్లో చేయగలిగిన పని రౌటర్‌లో ఫ్యామిలీ డీఎన్ఎస్, అంటే బూతు సైట్ల చిరునామా చెప్పని డీఎన్ఎస్, వేసుకోవడం. పైసా ఖర్చు లేని రెండు సర్వీసుల గురించే ఈ రివ్యూ.

క్లౌడ్‌ఫ్లేర్‌ది 2020 ఏప్రిల్‌లో వచ్చింది. నంబర్లు 1.1.1.3, 1.0.0.3. బూతు సైట్లతో పాటు వైరస్ సైట్లనూ ఆపుతుంది. మొదలైన కొత్తలో ఎల్జీబీటీ సమాచారం ఇచ్చే మామూలు సైట్లనూ మూసేసి, విమర్శలొచ్చాక సరిదిద్దుకుంది. గుర్తుంచుకోవడానికి సులువు, వేగానికి వంక పెట్టక్కర్లేదు.

క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ ఫిల్టర్ నంబర్లు 185.228.168.168, 185.228.169.168. ఇది చండశాసనం. గూగుల్, బింగ్‌లలో సేఫ్‌సెర్చ్ (వెతుకులాటలో బూతు ఫలితాలు దాచే సెట్టింగ్) తనే పెట్టేస్తుంది, యూట్యూబ్‌ని రిస్ట్రిక్టెడ్ మోడ్‌లోకి నెడుతుంది, ఫిల్టర్‌ని తప్పించుకునే దారులైన వీపీఎన్, ప్రాక్సీ సైట్లనూ రెడిట్‌నీ మూసేస్తుంది. చిక్కు కూడా ఇక్కడే ఉంది. రౌటర్‌లో వేస్తే హాల్లో టీవీకి కూడా అదే వర్తిస్తుంది. యూట్యూబ్‌లో కామెంట్లు మాయమవుతాయి, కొన్ని వీడియోలు రావు, తాతగారు టీవీ పాడైందంటారు. అలాంటి ఇంటికి దాని అడల్ట్ ఫిల్టర్ నయం: 185.228.168.10, 185.228.169.11. సేఫ్‌సెర్చ్ ఉంటుంది, యూట్యూబ్ జోలికి పోదు.

అమలాపురం, రాజోలు, భీమవరం వైపు కేబుల్ ఆపరేటర్ పెట్టిన ఫైబర్ బాక్స్ ఉన్న ఇంట్లో పద్ధతి ఇదీ. చాలా బాక్సుల్లో బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే లాగిన్ వస్తుంది. వ్యాన్ (బయటి లైను వైపు) సెట్టింగులు ఆపరేటర్ తాళం వేసి ఉంచితే వాటితో గొడవ పడకండి. ల్యాన్ (ఇంట్లోని ఫోన్లు, టీవీల వైపు) సెట్టింగుల్లో, వాటికి చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ పేజీ తెరిచి, ప్రైమరీ, సెకండరీ డీఎన్ఎస్ రెండు గళ్లలోనూ పై నంబర్లు వేయండి. రెండోది ఖాళీగా వదిలినా, అక్కడ ఫిల్టర్ లేని గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 ఉంచినా ఫిల్టర్ కారిపోవచ్చు. సేవ్ చేశాక ప్రతి ఫోన్లో వైఫై ఆపి మళ్లీ వేయాలి, లేకపోతే పాత డీఎన్ఎస్సే నడుస్తుంటుంది.

అంతా సరిగ్గా పెట్టినా సైట్లు తెరుచుకుంటున్నాయంటే మొదట అనుమానించాల్సింది ఐపీవీ6ని, అంటే నెట్ చిరునామాల కొత్త పద్ధతిని. ఆపరేటర్ ఇచ్చే ఐపీవీ6 డీఎన్ఎస్ పక్కదారిన వచ్చేస్తుంది. అక్కడ 2606:4700:4700::1113, 2606:4700:4700::1003 వేయండి (ఇవి క్లౌడ్‌ఫ్లేర్‌వి), లేదా బాక్సులో ఐపీవీ6 ఆపేయండి. ఆ తర్వాత చూడాల్సింది క్రోమ్‌లో సెక్యూర్ డీఎన్ఎస్. అందులో వేరే కంపెనీని ఎంచుకున్న ఫోన్ రౌటర్ మాట వినదు.

మూసిన సైటు దగ్గర తెలుగులో హెచ్చరికేమీ రాదు. నెట్ లేనట్టే కనబడుతుంది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసేముందు ఇంకో సైటు తెరిచి చూడండి.

వైఫై దాటి మొబైల్ డేటాలోకి వెళ్తే రౌటర్ ఫిల్టర్ సున్నా. ఫైబర్ రాని లంక గ్రామాల్లో మొదటి నుంచీ ఇదే సమస్య. ఆండ్రాయిడ్ 9, ఆపై ఫోన్లలో సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంటుంది. అక్కడ 'ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్-డీఎన్ఎస్ డాట్ కామ్' అని ఇంగ్లిషు అక్షరాల్లో, డాట్ అన్నచోట చుక్క పెట్టి కొట్టాలి. నంబర్ కొడితే తీసుకోదు. కాలేజీ, ఆఫీసు వైఫైలో 853 పోర్టు (ప్రైవేట్ డీఎన్ఎస్ వాడే దారి) మూసి ఉంటే మాత్రం మొత్తం నెట్టే ఆగిపోతుంది, అప్పటికి ఆటోమేటిక్‌కి మార్చుకోవాలి. పిల్లవాడు వీపీఎన్ యాప్ వేసుకుంటే ఇదంతా దండగే కాబట్టి, పిల్లల ఫోన్‌ని పెద్దలు అదుపు చేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లో యాప్ ఇన్‌స్టాల్‌కి అనుమతి తప్పనిసరి చేయండి.

వాట్సాప్, టెలిగ్రామ్‌లలో వచ్చే వీడియోలను ఈ రెండూ ఆపలేవు. వాటికి విడిగా సైటు పేరంటూ ఉండదు. తెలుగు బూతు కథల సైట్లు కూడా కొన్ని జారిపోతాయి.

పదేళ్లలోపు పిల్లల ఫోన్‌కి క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ, ఇంటి మొత్తానికి క్లౌడ్‌ఫ్లేర్, ఇదీ మా ఓటు. పిడుగుల కాలంలో బాక్సు కాలిపోయి కొత్తది వచ్చినా, లైన్‌మేన్ రీసెట్ బటన్ నొక్కినా సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. నంబర్లు కాగితం మీద రాసి బాక్సు వెనక అంటించి ఉంచండి, అతను వెళ్లేలోపే మళ్లీ ఎక్కించుకోవచ్చు.