యూఏఎన్ ఖాతా: ఆరేళ్లు వాడాక నా మాట

నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. మా ఇల్లు చింతల్‌లో. యూఏఎన్ అంటే కంపెనీ మారినా మారకుండా ఉండే మన పీఎఫ్ (భవిష్య నిధి) నంబర్. దాంతో నా పీఎఫ్ ఖాతాను ఆన్‌లైన్‌లో మొదటిసారి తెరిచింది 2019 ఎండాకాలంలో. పాస్‌బుక్ చూసుకోవడం, పేరు దిద్దించుకోవడం, పాత కంపెనీ డబ్బును ఇప్పటి ఖాతాలోకి మార్చుకోవడం, కరోనా అడ్వాన్స్, నామినీ, అన్నీ ఈ ఆరేళ్లలో చేశాను. మా సెక్షన్‌లో ఇంకో ఇరవై మందికి దగ్గరుండి చేయించాను. కొత్తగా చేరే పిల్లలు అడిగినప్పుడల్లా అవే మాటలు చెప్తున్నాను కాబట్టి, ఒకసారి వివరంగా రాద్దామని కూర్చున్నాను.

ముందుగా ఒక్క సంగతి. ఈ ఖాతాలో కష్టమంతా మన కాగితాల్లోనే ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా అన్నిచోట్లా ఒకేలా ఉంటే పది నిమిషాల పని. ఒక్క అక్షరం తేడా ఉన్నా నెలలు పడుతుంది. డబ్బు అవసరం నెత్తి మీదికొచ్చాక మొదలుపెడితే ఆ నెలలు మన దగ్గర ఉండవు.

నా సంగతే చూడండి. 2012లో బాలానగర్‌లో ఒక చిన్న యూనిట్‌లో చేరినప్పుడు నాకు పెళ్లి కాలేదు. పీఎఫ్ ఫారంలో మా నాన్న ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత నా పేరు రాశారు. 2014లో అందరికీ 12 అంకెల యూఏఎన్ ఇచ్చినప్పుడు ఆ పేరుతోనే వచ్చింది. 2017లో జీడిమెట్ల కంపెనీకి మారేసరికి నా ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు పూర్తిగా ఎక్కింది. పీఎఫ్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. కంప్యూటర్‌కు మేమిద్దరం వేరు వేరు మనుషులం.

ఇది తెలియక ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాను. ఆ అబ్బాయి వంద రూపాయలు తీసుకుని యూఏఎన్ యాక్టివేట్ చేశాడు, పాస్‌బుక్ ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు. ఎంత సంతోషించానో. రెండు నెలల తర్వాత మళ్లీ చూద్దామంటే పాస్‌వర్డ్ నా దగ్గర లేదు, ఓటీపీ నా ఫోన్‌కు రాదు. ఫోన్ నంబర్ దగ్గర తన నంబరే కొట్టేశాడు. వెతుక్కుంటూ వెళితే షట్టర్ దించి ఉంది. పక్క టిఫిన్ సెంటర్ ఆయన, ఖాళీ చేసి వెళ్లిపోయారమ్మా అన్నాడు. నా కష్టార్జితం తాళంచెవి ఎవరి జేబులో ఉందో కూడా తెలియని రోజులవి. ఇప్పుడు ఎవరికి చేసిపెట్టినా, వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలో ఉంటేనే మొదలుపెడతాను. పాస్‌వర్డ్ వాళ్లనే కొట్టమంటాను, నేను అటు తిరిగి కూర్చుంటాను.

మా హెచ్‌ఆర్ మేడం దారి చూపించింది. జాయింట్ డిక్లరేషన్ అని ఒక కాగితం ఉంటుంది, మనమూ కంపెనీ ఇద్దరం సంతకం పెట్టి ఈ పేరూ ఆ పేరూ ఒకరివేనని ఒప్పుకోవడం. ఆధార్, పెళ్లి సర్టిఫికెట్, పదో తరగతి మెమో జిరాక్సులు జతచేసి ఇచ్చాం. పేరు మారింది, ఆధార్ లింక్ అయింది. ఆ తర్వాత ఫర్గెట్ పాస్‌వర్డ్ నొక్కి, ఆధార్ ఓటీపీతో నా సొంత నంబర్ పెట్టుకున్నాను. ఇప్పుడు ఈ దిద్దుబాటు చాలా తేలికైంది. యూఏఎన్ 2017 అక్టోబర్ 1 తర్వాత వచ్చి, ఆధార్‌తో సరిపోలినవాళ్లు పేరు, పుట్టిన తేదీ లాంటివి 2025 జనవరి నుంచి కంపెనీ సంతకం లేకుండా తామే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు. నాలాంటి పాత యూఏఎన్‌లకు మాత్రం కంపెనీని అడగాల్సిందే.

తెలుగువాళ్లకు ఈ పేర్ల బాధ ఎక్కువ. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు కొందరు, వెనక రాసేవాళ్లు కొందరు. మా స్టోర్స్‌లో ఒక అన్న పేరు చివర 'ఈశ్వర్' అని ఉంటుంది. ఇంగ్లీషులో ఆధార్‌లో ఎస్ పక్కన హెచ్ ఉంది, పీఎఫ్‌లో ఒట్టి ఎస్. ఆ ఒక్క హెచ్ కోసం ఆయన కూతురి పెళ్లి అడ్వాన్స్ ఆగింది. నేను ఎవరిదైనా ఖాతా చూడాలంటే ముందు ఆధార్ కార్డునూ పే స్లిప్‌నూ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదువుతాను. అది సరిపోయాకే ఫోన్ తీస్తాను. ఆధార్‌కు ఏ నంబర్ కట్టి ఉందో కూడా అప్పుడే చూడాలి. పోయిన సిమ్ ఉంటే ముందు ఆధార్ సెంటర్‌కు వెళ్లి మార్పించుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ప్రతి తలుపూ ఆ ఓటీపీతోనే తెరుచుకుంటుంది.

ఇక పాస్‌బుక్. ఈ ఖాతా మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. దీనికి వేరే సైట్ ఉంది, కానీ ఫోన్‌లో ప్రభుత్వ యాప్ ఉమంగ్‌లో చూడటం నాకు తేలిక. మొదటిసారి చూసినవాళ్లు మూడు వరసలు చూసి కంగారు పడతారు. నా లెక్కే చెప్తాను. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 15 వేలు. అందులో 12 శాతం, 1,800 రూపాయలు, నా వాటా. కంపెనీ కూడా 1,800 కడుతుంది, కానీ అది రెండుగా చీలుతుంది. 1,250 పెన్షన్ వరసలోకి, మిగిలిన 550 పీఎఫ్ వరసలోకి. జీతం ఇంకా పెరిగినా మామూలుగా పెన్షన్ వరస 1,250 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే 2014 సెప్టెంబర్ నుంచి పెన్షన్ లెక్కకు జీతం హద్దు 15 వేలు. వడ్డీ నా వాటా వరసకూ, కంపెనీ పీఎఫ్ వరసకూ మాత్రమే వస్తుంది. 2024-25కు అది 8.25 శాతం. పెన్షన్ వరసకు వడ్డీ పడదు. అది మనం దాచుకున్న మొత్తంగా కాక, రేపటి పెన్షన్‌కు సర్వీసు లెక్కగా పనికొస్తుంది. ఇది చెప్పకపోతే, నా డబ్బుకు వడ్డీ ఎగ్గొట్టారని ఏడ్చేవాళ్లు ఉన్నారు.

పాస్‌బుక్ విలువ నాకు మా వదిన విషయంలో తెలిసొచ్చింది. ఆమె ఒక కాంట్రాక్టర్ కింద హౌస్‌కీపింగ్ చేసేది. జీతం చీటీలో ప్రతినెలా పీఎఫ్ కోత ఉంది. ఒక ఆదివారం మా ఇంటికొస్తే యాక్టివేట్ చేసి పాస్‌బుక్ తెరిచాం. వరసగా మూడు నెలలు ఖాళీ. కోసిన డబ్బును మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి, అతను కట్టనే లేదు. ఆమె నోట మాట రాలేదు, చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ ఆ ఖాళీ వరసలే చూసింది. జీతం చీటీలు ఫొటో తీసి పీఎఫ్ గ్రీవెన్స్ సైట్‌లో పెట్టాం. ఆ మూడు నెలలూ తర్వాత పాస్‌బుక్‌లోకి వచ్చాయి. కాంట్రాక్టర్ల కింద ఊడ్చే పనులు, సెక్యూరిటీ పనులు చేసేవాళ్లందరూ కనీసం మూడు నెలలకోసారి చూసుకోవాలి. స్మార్ట్‌ఫోన్ లేదని ఆగకండి. యూఏఎన్‌కు కట్టిన నంబర్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే అదే కట్ అయిపోయి, ఖాతాలో ఎంత ఉందో మెసేజ్‌లో వస్తుంది, పైసా ఖర్చు లేదు. తెలుగులో కావాలంటే ఈపీఎఫ్‌ఓహెచ్‌ఓ, ఖాళీ, యూఏఎన్, ఖాళీ, టీఈఎల్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి 7738299899కు పంపాలి. చివరి మూడు అక్షరాలే తెలుగుకు గుర్తు. మా వదిన ఇప్పుడు అదే చేస్తుంది, నన్ను అడగడం మానేసింది.

పాత కంపెనీ డబ్బు మార్చుకునేటప్పుడు ఇంకో చిక్కు. బాలానగర్ వాళ్లు నేను మానేసిన తేదీ ఎక్కించలేదు. ఆ తేదీ లేనిదే ట్రాన్స్‌ఫర్ జరగదు. 2020 నుంచి మనమే వేసుకునే వీలు వచ్చింది: పీఎఫ్ సైట్‌లో మేనేజ్ అన్నచోట మార్క్ ఎగ్జిట్. ఆ కంపెనీ చివరిసారి డబ్బు కట్టి రెండు నెలలు దాటి ఉండాలి. ఒకసారి వేస్తే మళ్లీ మార్చడం తేలిక కాదు, కాబట్టి చివరి జీతం ఏ నెలదో పాస్‌బుక్‌లో చూసుకుని వేయాలి. డబ్బు వచ్చిపడ్డాక కొత్త పాస్‌బుక్‌లో పెన్షన్ వరస దగ్గర సున్నా కనబడింది. గుండె జారింది. తర్వాత తెలిసింది, అక్కడ రూపాయలు మారవు, సర్వీసు మాత్రమే కలుస్తుంది. మాలో చాలామంది కంపెనీ మారగానే పాత డబ్బు తీసేసుకుంటారు. ఐదేళ్లు నిండకుండా 50 వేలు, ఆపైన తీస్తే పన్ను కోత ఉంటుంది, అంతకన్నా పెద్ద నష్టం పెన్షన్ సర్వీసు తెగిపోవడం. పదేళ్లు నిండితేనే 58 ఏళ్లకు పెన్షన్. నాకు రెండు కంపెనీలూ కలిపి 2022లో పదేళ్లు నిండాయి. జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 15 వేలకు పదేళ్లంటే నెలకు 2,143 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. కానీ మా అమ్మకు అదీ లేదు.

కరోనా అడ్వాన్స్ గురించి చెప్పాలి. 2020 మార్చిలో ఆ సదుపాయం ఇచ్చారు. ఖాతాలో ఉన్నదాంట్లో 75 శాతం, లేదా మూడు నెలల బేసిక్, డీఏ, ఏది తక్కువైతే అది. మా ఆయన ఆటో రెండు నెలలు ఇంటి ముందే నిలబడింది. అప్పటికి నా పేరు, బ్యాంకు ఖాతా అన్నీ సరిచేసి ఉన్నాయి కాబట్టి రాత్రి పిల్లలు పడుకున్నాక మంచం మీద కూర్చుని అప్లై చేశాను. పదో రోజు 36 వేలు ఖాతాలో పడ్డాయి. కిరాయి కట్టాం, వడ్డీకి ఎవరి దగ్గరికీ పోలేదు. పేరు తేడా ఉన్న మా తోటివాళ్లు అప్పుడు ఆఫీసులు మూసి, బస్సులు లేక ఎంత అవస్థ పడ్డారో కళ్లారా చూశాను.

నామినేషన్ సంగతి. దీంట్లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కుటుంబం వివరాలు, వాటాలు నింపి సేవ్ కొట్టి, అయిపోయింది అనుకుంటారు. చివర్లో ఈ-సైన్ (ఆన్‌లైన్ సంతకం) చేసి ఆధార్ ఓటీపీ కొడితేనే అది చెల్లుతుంది. అప్పటిదాకా పెండింగ్‌లోనే ఉంటుంది. ముందు మన ఫొటో ఎక్కించి ఉండాలి, నామినీ ఆధార్, బ్యాంకు వివరాలు దగ్గర పెట్టుకోవాలి. మా షిఫ్ట్‌లో పనిచేసిన తమ్ముడొకడు 2023లో గుండెపోటుతో పోయాడు. అతనికి ఆ ఈ-సైన్ అంతకు ఆర్నెల్ల కిందట క్యాంటీన్‌లో కూర్చుని చేయించాను. అతని భార్య పీఎఫ్, పెన్షన్, ఇన్సూరెన్స్ మూడింటికీ ఒకే నామినేషన్‌తో అడగగలిగింది. ఇన్సూరెన్స్ కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉంటుందని, దానికి మన జీతంలోంచి పైసా కోయరని మాలో చాలామందికి అప్పటిదాకా తెలియదు. చెయ్యనివాళ్లు ఈ రాత్రే చెయ్యండి, పిల్లల మీద ఒట్టేసి అడుగుతున్నాను.

నేను మార్చమని కోరేది ఒకటుంది. క్లెయిమ్ ఫారాలు తెలుగులో ఉండాలి. ఫారం 31 అంటే అడ్వాన్స్, 19 అంటే మొత్తం తీసుకోవడం, 10సీ అంటే పెన్షన్ డబ్బు లేదా పెన్షన్ సర్వీసు సర్టిఫికెట్ అని నంబర్లు బట్టీపట్టి నేర్పించాల్సి వస్తోంది. ఏడో తరగతి చదివిన మా వాళ్లు తెలుగులో చదివితే ఇట్టే అర్థం చేసుకుంటారు, ఎవరి మీదా ఆధారపడరు. చెక్కు ఫొటో పెట్టాలన్న నిబంధన 2025లో తీసేయడం మంచి పని, మసకగా ఉందని ఎన్నిసార్లు మళ్లీ తీశామో. కొత్తగా చేరేవాళ్లు 2025 ఆగస్టు నుంచి ఉమంగ్‌లో ముఖం చూపించి తామే యూఏఎన్ తీసుకుంటున్నారు. దాంతో పేరు ఆధార్‌లో ఉన్నట్టే వస్తుంది. నాకు పట్టిన గతి వాళ్లకు పట్టదు.

ఆన్‌లైన్‌లో తెగని పని ఉంటే ప్రతినెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' అని పీఎఫ్ వాళ్లే కూర్చుంటారు. సెలవైతే ఆ తర్వాతి పనిరోజున. ఫోన్‌లో అడగడానికి 14470 ఉంది.

ఇంట్లో ఈ మధ్య చేసిన పని మా అత్తమ్మది. మామయ్య పోయాక ఆమెకు పీఎఫ్ పెన్షన్ వస్తుంది. ఏడాదికోసారి బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది, నవంబర్‌దాకా ఆగక్కర్లేదు. మునుపు ఆటో ఎక్కించి తీసుకెళ్తే వేలిముద్ర పడేది కాదు, బట్టలు ఉతికి ఉతికి ఆమె వేళ్లు నునుపెక్కాయి. ఇప్పుడు ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ వేసి, పీపీఓ (పెన్షన్ ఆర్డర్) నంబర్ కొట్టి, ముఖం చూపిస్తే చాలు. మొదట ట్యూబ్‌లైట్ కింద తీస్తే పట్టలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసి, కళ్లద్దాలు తీయించి, రెప్పలు కొట్టమన్నాను. ఆమెకు కంటి ఆపరేషన్ అయింది, వెలుతురుకు కళ్లు చికిలిస్తుంది. మూడోసారికి పచ్చని గీత వచ్చింది. "అయిందా బిడ్డా, ఇక ఆటో వద్దా?" అంది. మెసేజ్‌లో ప్రమాణ్ నంబర్ వచ్చింది. దాన్ని పీపీఓ కాగితం వెనక రాసి, గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను.