పదో పిన్ కోసం ప్లాస్టిక్ బంతి: రెండేళ్లు వాడాక

పది పిన్లు పడగొట్టే బౌలింగ్ ఆటలో హుక్ వేసే (బంతి చివర్లో ఎడమకి తిరిగేలా వేసే) కుడిచేతి వాళ్లకి కుడి మూలన పదో పిన్ ఒక్కటే మిగిలితే కలిగే కడుపుమంట వేరే చెప్పక్కర్లేదు. పది ఫ్రేముల్లోనూ (రెండేసి బంతుల వంతుల్లో) తొమ్మిదేసి పడగొట్టి ఆ ఒక్కటీ వదిలేస్తే ఆట 90 దగ్గరే ఆగిపోతుంది. ప్రతిసారీ దాన్ని తీసి, చివరి అదనపు బంతికి కూడా తొమ్మిది పడగొడితే 190. స్ట్రైక్ (మొదటి బంతికే పదీ పడటం) ఒక్కటీ లేకుండానే! స్పేర్లకని (రెండో బంతితో మిగిలినవి పడగొట్టడానికని) విడిగా ప్లాస్టిక్ బంతి కొన్నది ఆ వంద కోసమే. ఆ పని మాత్రం బాగా చేస్తోంది.

హుక్‌కి వాడే రియాక్టివ్ బంతి లేన్ కుడి అంచున నూనె తక్కువున్న బోర్డుల (నిలువు పట్టీల) మీద పట్టు దొరకగానే ఎడమకి తిరిగిపోతుంది, పిన్ పక్కనుంచే వెళ్తుంది. ప్లాస్టిక్ బంతి ఆ పట్టుకి అంతగా లొంగదు. కానీ గురి సరిగా లేకపోతే ఏ బంతీ కాపాడదు. పదో పిన్ నిలబడేది కుడి నుంచి మూడో బోర్డు మీద. పిన్ పొట్ట 4¾ అంగుళాలు, బంతి 8½ అంగుళాలు. అంటే బంతి మధ్యభాగం పిన్‌కి ఎడమగా ఆరున్నర అంగుళాల దాకా తప్పినా అంచు తగులుతుంది. కుడివైపు మాత్రం మూడు అంగుళాలు కూడా లేదు, ఆపైన గట్టరే (పక్క కాలువే). అందుకే పిన్ మీదకి కాదు, అయిదో బోర్డు మీదకి వెయ్యాలి.

నాకు కుదిరిన లెక్క ఇది. ఫౌల్ లైన్ (దాటకూడని గీత) దగ్గర జారే ఎడమ కాలు 31, 32 బోర్డుల మీద, బంతి వదిలేది 25 దగ్గర, చూపు లేన్ మీద గీసిన నడిమి బాణం మీద. అరచెయ్యి బంతి వెనకే ఉండాలి. వేళ్లతో పైకి లాగితే ప్లాస్టిక్ కూడా తిరుగుతుంది. ఎడమ మూలనుండే ఏడో పిన్‌కి చూపు అదే బాణం మీద, కాలు మాత్రం 21, 22 మీద.

అసలు ఇబ్బంది పెట్టింది బొటనవేలి రంధ్రం. మా బరంపురం వాళ్లం ఆడేది విశాఖలో. రెండూ సముద్రపు ఉక్క ఊళ్లే. మూడో ఆటకల్లా వేలు చెమర్చి ఉబ్బుతుంది, బంతి ఆలస్యంగా వదులుతుంది, ఎడమకి లాగేస్తుంది. చాలా రోజులు తప్పు కాళ్లదనుకుని నిలబడే చోటు మారుస్తూ పోయాను. అది పొరపాటు. వేలు పట్టేస్తే కాళ్లు ఎంత జరిపినా ఉపయోగం లేదు. ఇప్పుడు రంధ్రంలో రెండు టేపు ముక్కలు అంటించి మొదలుపెడతాను, బిగుసుకోగానే ఒకటి పీకేస్తాను. డిసెంబరులో వేలు సన్నబడుతుంది, అప్పుడు మూడోది పడాలి. లేదంటే రంధ్రం వదులై బంతి ముందే జారిపోతుంది, కాకపోతే దాన్ని గట్టిగా నొక్కి పట్టుకోవాల్సి వస్తుంది. ఆ నొక్కుడుకి గురి చెదురుతుంది.

కొత్తలో ‘ఇది అస్సలు తిరగదు’ అని అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. సాయంత్రానికి లేన్ నూనె అరిగాక, అలిసిన చేత్తో నెమ్మదిగా వేస్తే రెండు మూడు బోర్డులు ఎడమకి వస్తుంది. కాలు ఒక్క బోర్డు ఎడమకి జరిపి అదే బాణం మీద వేస్తే చాలు, పిన్ల దగ్గర దాదాపు మూడు బోర్డులు కుడికి పోతుంది.

ఇంకో సంగతి. మాల్‌లో అందరి కోసం రాక్ మీద ఉండే బంతులు కూడా మామూలుగా ప్లాస్టిక్‌వే. కాబట్టి నాకు ఒరిగిన మేలులో పెద్ద వాటా నా వేలి కొలతకి తొలిపించిన రంధ్రానిదే అనుకుంటున్నాను. రాక్ బంతితో నేరుగా వేసేవాళ్లకి ఇది కొనమని చెప్పలేను.

హుక్ వేస్తూ నెలకి మూడు నాలుగుసార్లు ఆడేవాళ్లయితే కొనొచ్చు. నేను నెలకోసారే వెళ్తాను. 14 పౌండ్ల బంతులు రెండంటే పన్నెండు కిలోల పైమాటే, రైల్లో మోసుకెళ్లాలి. ఒక్కటే తీసుకెళ్లే రోజున మాత్రం ఇంట్లో ఉండిపోయేది హుక్ బంతే.