42వ ఏట కొన్న బేస్ గిటార్: నాలుగేళ్ల తరవాత

పర్లాకిమిడిలో మాది మందుల షాపు. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించి, అన్నం తిని, పదింటికి కూర్చుంటే అరగంట. నాలుగేళ్లుగా నా బేస్ గిటార్‌కి (కింది స్వరాలు పలికే లావు తీగల గిటార్) దొరికిన టైము అంతే. అందులోనూ పెళ్లిళ్లు, జ్వరాలు, స్టాకు లెక్కల రోజులు తీసెయ్యండి.

కొన్నది నాలుగు తీగలది, 34 అంగుళాల స్కేలు, అంటే తీగ మోగే పొడవు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చిన దగ్గర్నుంచి ఎక్కువ బేస్‌లకి ఇదే కొలత. అందరూ కొనేదే కదా అని కొన్నాను, నా చెయ్యి ఎంతుందో చూసుకోలేదు. మెట్టుకో (మెడ మీది అడ్డ గీతల్లో ఒక్కోదానికి) వేలు పెట్టమని వీడియోలో చెప్తే అదే పట్టుకుని ఆరు నెలలు మణికట్టు నొప్పితో గడిపాను (షాపులో బామ్ సగం నాకే అయింది). ఉంగరం వేలు, చిటికెన వేలు కలిపి ఒక వేలుగా నొక్కడం మొదలెట్టాక గానీ తగ్గలేదు. అలాగైతే చెయ్యి మూడు మెట్ల మీదే ఉంటుంది, నాలుగోది కావాలంటే జరపాలి. మళ్లీ కొంటే 30 అంగుళాలదే.

వేళ్ల సంగతి ఎవరైనా చెప్తారు. చెవుల సంగతి నాకెవరూ చెప్పలేదు. లావు తీగని ఏ మెట్టూ నొక్కకుండా మీటితే సుమారు 41 హెర్ట్జ్, అంటే సెకనుకి అన్ని ఊపులు. అంత కింది శబ్దం ఫోన్ స్పీకరులో రాదు, పైన తేలే పలుచని మోతే వస్తుంది. మూడు నెలలు ఫోన్‌లో పాఠాలు వింటూ, మేష్టారు వాయించేది ఏ స్వరమో తెలీక, నాకే చెవి లేదనుకున్నాను. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకున్న రోజు అదే పాఠం కొత్తగా వినిపించింది. ఆంప్‌కి (శబ్దం పెంచే స్పీకరు పెట్టెకి) ముందు మంచి ఇయర్‌ఫోన్ కొనండి.

ఆంప్‌తో ఇంకో గొడవ. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేక ఒకటే హమ్, గుయ్యిమని మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, లావు తీగ మూడో మెట్టు 49. అక్కడ నొక్కినప్పుడల్లా హమ్, స్వరం కలిసి కొట్టుకునేవి, మోత పెరిగి తగ్గుతూ ఉండేది. తప్పు నా వేలిదేమోనని ఎన్ని రాత్రులు పోయాయో! ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ తీగ బాగుచేశాక చాలావరకు పోయింది. అలమారలో స్టీలు పళ్లేలు మాత్రం ఒక స్వరానికి ఇప్పటికీ గలగలమంటాయి. మా అత్తగారు మొదటిసారి విని, "ఏటమ్మా అది, గోడలో కందిరీగ దూరినట్టుంది!" అన్నారు.

గిటార్ వచ్చినప్పుడు 12వ మెట్టు దగ్గర తీగ దాదాపు 4 మిల్లీమీటర్లు ఎత్తున ఉంది, నొక్కలేక చచ్చాను. ఇప్పుడు రెండున్నర. వానాకాలంలో మెడ మళ్లీ వంగుతుంది, ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి ఇనప కడ్డీని) అలెన్ కీతో పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి చూస్తాను. ఒకేసారి తిప్పెయ్యొద్దు.

తీగలు ఏడాదికే మొద్దుబారాయి. కొత్త సెట్టు రెండు వేల దాకా అయ్యేలా ఉంటే, పాతవి నీళ్లలో మరిగించాను. జిడ్డు పోయి ఒక నెల బాగానే మోగాయి. మరిగించింది చారు గిన్నెలో. దాని గురించి ఇంట్లో ఇంకా మాటలు పడుతున్నాను.

రెండో ఏడు చివర్లో శనివారం భజనకి తీసుకెళ్లాను. సగం తెలుగు పాటలు, సగం ఒడియా, హార్మోనియం, ఢోలక్. పాడే పెద్దాయన శ్రుతి ఒకటిన్నర (సి షార్ప్) అంటే నాకు స రెండో లావు తీగ నాలుగో మెట్టు. మంద్ర ప దాని పక్కనే, లావు తీగ అదే మెట్టు మీద. పై ప కావాలంటే సన్న తీగ వైపు ఒక తీగ జరిగి రెండు మెట్లు పైకి. ఆ రాత్రంతా ఈ రెండు స్వరాలే వాయించాను. నాలుగో పాటలో ఒక్కచోట పొరపాటున ఆగిపోతే ఢోలక్ ఆయన తల తిప్పి చూశారు. రెండేళ్లలో నా వాయిద్యాన్ని బయటివాళ్లు విన్నారని తెలిసింది అప్పుడే.

మొన్న ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైన చుట్టు నున్నగా ఉండేవి) వేయించాను. వేలి గీకుడు చప్పుడు పోయింది, కానీ బిగువు ఎక్కువ. రెండు నెలలే అయింది కనక వాటి మీద మాట ఇప్పుడే చెప్పను.