మషీనా, ఎంపీసీనా? డ్రమ్ అండ్ బేస్‌కి ఏది మేలు

"డ్రమ్ అండ్ బేస్ మొదలుపెడదామనుకుంటున్నా. మషీన్ తీసుకోనా, ఎంపీసీ తీసుకోనా?" ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మషీన్ నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది, ఎంపీసీ అకాయ్‌ది. రెండూ రికార్డు చేసిన శబ్దాలని ప్యాడ్ల మీద పెట్టి వేళ్లతో వాయించే యంత్రాలు. డ్రమ్ అండ్ బేస్ అంటే వేగమైన డ్రమ్స్, లోతైన బేస్‌తో నడిచే ఎలక్ట్రానిక్ సంగీతం. రెండు ముక్కల్లో చెబితే అది సగం జవాబే అవుతోంది. అందుకని నా ఆలోచన మొత్తం ఒకచోట పెడుతున్నాను. బ్రేక్ అంటే పాత రికార్డులో డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క, స్లైస్ అంటే దాన్ని కోస్తే వచ్చే తునక. అంతకన్నా మొదటి నుంచి మొదలుపెట్టను. ఆ మాత్రం తెలిసినవాళ్లే ఈ ప్రశ్న అడుగుతారు.

ఎంపీసీది పాత వంశం. రోజర్ లిన్ రూపకల్పన చేసిన ఎంపీసీ60 1988లో వచ్చింది. 2012లో రెనసాన్స్, స్టూడియో మోడళ్లతో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కి జతపడింది. 2017లో లైవ్, ఎక్స్ వచ్చాక మళ్లీ కంప్యూటర్ లేకుండా నడవడం మొదలైంది. మషీన్ మాత్రం 2009లో వచ్చినప్పుడే సగం చేతికింద, సగం కంప్యూటర్‌లో ఉండేలా పుట్టింది. 2020లో మషీన్ ప్లస్ విడిగా నడిచే మోడల్‌గా వచ్చినా, నేనిక్కడ ముఖ్యంగా మాట్లాడేది 2017 నాటి ఎంకే3 గురించి. ఎంపీసీ అన్నప్పుడు వన్, లైవ్ లాంటివి, వాటిని కంప్యూటర్‌కి తగిలించి వాడే పద్ధతితో సహా.

ముందు బ్రేక్ సంగతి. మన పాట 174 బీపీఎమ్ (నిమిషానికి 174 బీట్లు) చుట్టుపక్కల నడుస్తుంది. మనం కోసే పాత ఫంక్ బ్రేకులకి అంత వేగం ఉండదు. ది విన్‌స్టన్స్ 1969 రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆమెన్ బ్రేకే తీసుకోండి. అది సుమారు 136లో ఉంటుంది. టేపు తిప్పినట్టు వేగం పెంచి 174కి తెస్తే శ్రుతి నాలుగు సెమీటోన్ల పైచిలుకు ఎక్కుతుంది. శ్రుతి కదలకుండా నిడివి మాత్రమే మార్చే టైమ్‌స్ట్రెచ్ చేస్తే స్నేర్ డ్రమ్ దెబ్బ మొన మొద్దుబారుతుంది. తొంభైల్లో అకాయ్ ఎస్950, ఎస్1000 శాంప్లర్ల టైమ్‌స్ట్రెచ్ ఇచ్చిన ఆ లోహపు గరగర డ్రమ్ అండ్ బేస్‌కి ముందరి రూపమైన జంగిల్‌కి ఒక గుర్తుగా మిగిలిపోయింది. అది కావాలనుకుంటే సరే, లేకపోతే స్లైస్ చెయ్యడమే దారి.

స్లైస్ చేస్తే ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. 136లో ఒక బారులో (నాలుగు బీట్లలో) పదహారో వంతు సుమారు 110 మిల్లీసెకన్లు. 174లో అది 86. శ్రుతి మార్చకుండా స్లైసుల్ని అదే వరసలో వేగంగా వాయిస్తే ఒక్కో దెబ్బ తోకలో 24 మిల్లీసెకన్లు తెగిపోతాయి. వాయించిన గది మోత, సింబల్ జీర, స్నేర్ తీగల సన్నటి గలగల అన్నీ ఆ తోకలోనే ఉంటాయి. అక్కడక్కడ ఆ తోకని పూర్తిగా మోగనిచ్చి, తర్వాతి స్లైస్‌ని ఆపేస్తే బ్రేక్ ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. అంటే స్లైసు అంచుని వేలితో పట్టుకుని జరపగలగాలి. ఏది దేన్ని ఆపాలో మనమే చెప్పగలగాలి.

ఈ పనిలో ఎంపీసీదే పైచెయ్యి. టచ్‌స్క్రీన్ మీద వేవ్‌ఫామ్‌ని పెద్దది చేసి స్లైసు మొదలుని ఒక్క వెంట్రుకవాసి జరపొచ్చు. ఒక డ్రమ్ ప్రోగ్రామ్‌కి ఎనిమిది బ్యాంకులు, 128 ప్యాడ్లు. నాలుగు బార్ల బ్రేక్‌ని పదహారో వంతులుగా కోస్తే వచ్చే 64 స్లైసులూ నాలుగు బ్యాంకుల్లో కూర్చుంటాయి. ఒక్కో దానికీ సొంత ఫిల్టర్, సొంత ఎన్వలప్ (శబ్దం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పేది) ఉంటాయి. మషీన్‌లో గ్రూపుకి 16 సౌండ్లే. 64 స్లైసులు కావాలంటే అన్నిటినీ ఒకే సౌండ్‌లోకి పంపి కీబోర్డ్ మోడ్‌లో వాయించాలి. అప్పుడు స్లైసుకో ఎఫెక్ట్ పెట్టుకునే వీలు పోతుంది. నేను ఒక్క బారు మాత్రమే తీసుకుని 16 ప్యాడ్ల మీద పరుస్తాను, చాలా పాటలకి అది సరిపోతుంది. కానీ బ్రేక్ కొయ్యడమే ప్రాణం అనుకునే జంగిల్ మనిషికి అది ఇరుకే.

వాయించేటప్పటి ఆలస్యం గురించి కూడా అడుగుతారు. పదహారో వంతు 86 మిల్లీసెకన్లయినప్పుడు చిన్న తేడా కూడా చెవికి తగులుతుంది. స్వింగ్‌ని 50 నుంచి 54 శాతానికి తిప్పితే ప్రతి రెండో పదహారో వంతూ వెనక్కి జరిగేది 7 మిల్లీసెకన్లే. అయినా ఘోస్ట్ నోట్స్ (వినబడీ వినబడని చిన్న దెబ్బలు) నడక మారిపోయిందని వెంటనే తెలుస్తుంది. కంప్యూటర్ ఆడియో బఫర్‌ని (శబ్దాన్ని పోగుచేసి ఒక్కో విడతగా పంపే మోతాదు) 512 శాంపిల్స్ దగ్గర వదిలేస్తే ఒక్క బఫర్‌కే 11 మిల్లీసెకన్లు దాటిపోతుంది. అంటే మీరు కష్టపడి తెచ్చుకున్న స్వింగ్ కన్నా ఎక్కువ. శబ్దం ఆలస్యంగా వినబడుతోందని చెయ్యి తెలియకుండానే ముందుకు పరుగెత్తుతుంది. మషీన్ వాడేవాళ్లు డ్రమ్స్ వాయించేటప్పుడు బఫర్‌ని 128కి దించుకోవాలి, మిక్స్ దగ్గర మళ్లీ పెంచుకోవచ్చు. విడిగా నడిచే ఎంపీసీకి ఈ బాధ లేదు.

ఇంతవరకూ చదివి నేను ఎంపీసీ వైపు మొగ్గుతున్నానని అనుకుంటారేమో. కాదు. నా దృష్టిలో ఈ సంగీతానికి ఏది మేలో తేల్చేది రీశాంప్లింగ్. చేసిన శబ్దాన్ని మళ్లీ పట్టుకుని, మళ్లీ కోసి, మళ్లీ ప్యాడ్ల మీదికి తెచ్చుకోవడానికి ఎన్ని మెట్లు ఎక్కాలి అన్నదే ప్రశ్న. డ్రమ్స్ సగమైతే బేస్ మిగతా సగం, ఆ బేస్‌ని ఒక్క ఊపులో సింథ్ నుంచి దింపలేం.

రీస్ బేస్ ఎలా తయారవుతుందో చూడండి. 1988లో కెవిన్ సాండర్సన్ రీస్ అన్న పేరుతో చేసిన రికార్డు నుంచి దానికా పేరు వచ్చింది. రంపపు పళ్ల ఆకారంలో ఉండే రెండు సా వేవ్‌లని కొద్ది సెంట్ల (సెంటంటే సెమీటోన్‌లో నూరో వంతు) తేడాతో పక్కపక్కన పెడితే అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ మెల్లగా మెలితిరుగుతాయి. అది మొదటి మెట్టు మాత్రమే. దాన్ని డిస్టార్షన్‌లోంచి పంపి, శబ్దంలోంచి ఒక సన్నటి పట్టీని తీసేసే నాచ్ ఫిల్టర్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ ఒకే స్వరాన్ని ఎనిమిది బార్లు పట్టి ఉంచాలి. అలా రికార్డయిన దాంట్లో మనం ఊహించని మూలుగులు, గర్జనలు నాలుగైదు ఉంటాయి. వాటిని ఎనిమిదో వంతులుగా కోసి, బాగున్నవి ఏరి, ప్యాడ్ల మీద పెట్టి వాయించాలి. ఆ వాయించినదాన్ని ఇంకో ఫిల్టర్‌లోంచి పంపి మళ్లీ రికార్డు చెయ్యాలి. మూడో విడతకి వచ్చేసరికి ఆ శబ్దం మీకు తప్ప ఇంకెవరికీ దొరకదు. ప్రీసెట్ బేస్‌కీ, మనిషి చేసిన బేస్‌కీ తేడా ఇక్కడే.

బేస్ అట్టడుగు పొర అయిన సబ్‌ని మాత్రం ఈ రాపిడిలోకి లాగకండి. 90 హెర్ట్జ్ కిందది అంతా కోసేసి, అక్కడ విడిగా ఒక శుద్ధమైన సైన్ వేవ్, మోనోలో. ఎఫ్1 స్వరం 43.65 హెర్ట్జ్, జీ1 సరిగ్గా 49 దగ్గర. ఆ చుట్టుపక్కల స్వరాల్లో సబ్ బలంగా పలుకుతుంది, పెద్ద స్పీకర్లు కూడా దాన్ని మొయ్యగలవు. ఈ పాటలు ఎఫ్‌లోనో జీలోనో తరచూ ఉండటానికి అదొక కారణం.

మషీన్‌లో ఈ రీశాంప్లింగ్ ఇలా జరుగుతుంది. ఖాళీ సౌండ్ ఒకటి ఎంచుకుని శాంప్లింగ్ బటన్ నొక్కండి. సోర్స్ ఇంటర్నల్, అందులో మాస్టరో, ఫలానా గ్రూపో చెప్పండి. మోడ్ సింక్‌లో పెట్టి ఎన్ని బార్లో చెప్పండి. స్టార్ట్. బారు మొదట్లో తనే మొదలై, చెప్పిన చోట తనే ఆగుతుంది. మీ రెండు చేతులూ ఫిల్టర్ నాబ్‌ల మీదే ఉండొచ్చు. ఆగగానే అదే తెరలో పక్క పేజీ స్లైస్. గ్రిడ్ మీద ఎనిమిదో వంతు ఎంచుకుని అప్లై చేస్తే ప్యాడ్ల మీదికి వచ్చేస్తుంది. మౌస్ ముట్టుకోనక్కర్లేదు. తలలో ఉన్న ఆలోచన చల్లారకముందే రెండో విడత మొదలవుతుంది.

ఎంపీసీలోనూ ఇది కుదురుతుంది. శాంప్లర్ తెరకి వెళ్లి ఇన్‌పుట్‌ని రీశాంపిల్ అని పెట్టి రికార్డు చెయ్యాలి. అయ్యాక ఉంచాలా, పారెయ్యాలా అని అడుగుతుంది. పేరు, ప్రోగ్రామ్, ప్యాడ్ చెప్పాలి. తర్వాత శాంపిల్ ఎడిట్ తెరకి వెళ్లి చాప్ మోడ్ తెరవాలి. ఒక్కసారికైతే ఇదేం పెద్ద పని కాదు. ఒక సాయంత్రంలో పదిసార్లు చెయ్యాల్సి వస్తే మూడోసారికే "ఇది చాల్లే" అనిపిస్తుంది, అక్కడే బేస్ ఆగిపోతుంది. ఇష్టం తగ్గి కాదు, మధ్యలో తెరలు మారడం వల్ల.

రెండో కారణం సింథ్‌లు. ఈ రకం బేస్‌కి వేవ్‌టేబుల్, ఎఫ్ఎమ్ సింథ్‌లు కావాలి. అవి ఎక్కువమందికి కంప్యూటర్‌లో ప్లగిన్లుగానే ఉంటాయి. మషీన్ సాఫ్ట్‌వేర్ వాటిని ఒక సౌండ్ స్లాట్‌లో నేరుగా ఎక్కించుకుంటుంది, నాబ్‌లు ఎంకే3 మీదికి వస్తాయి. ఎంపీసీ సాఫ్ట్‌వేర్ కూడా కంప్యూటర్‌కి తగిలించినప్పుడు ఆ పని చేస్తుంది. కానీ అదే ప్రాజెక్టుని విడిగా ఎంపీసీలో తెరిస్తే బయటి ప్లగిన్ ఉన్న ట్రాక్ మూగబోతుంది. ఎంపీసీలో విడిగా నడిచేలా తయారైన సింథ్‌లు మాత్రమే అక్కడ పలుకుతాయి. కాబట్టి కంప్యూటర్ వదిలేముందు ప్రతి బేస్‌నీ ఆడియోగా మార్చుకోవాలి. ఈ క్రమశిక్షణ నచ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లని కాదనను. మషీన్ ప్లస్‌కీ ఇదే హద్దు ఉంది, బయటి కంపెనీల ప్లగిన్లు దాంట్లో నడవవు. అందుకే "ప్లస్ తీసుకోనా" అని అడిగేవాళ్లకి కంప్యూటర్ ఉంటే ఎంకే3 చాలంటాను.

ఇంకో చిన్న మాట. మషీన్ శాంప్లర్‌లో ఎంపీసీ60, ఎస్పీ1200 లాంటి పాత యంత్రాల గరుకుదనాన్ని ఇచ్చే మోడ్‌లు ఉన్నాయి. అసలు ఎస్పీ1200 పన్నెండు బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్ యంత్రం. మషీన్‌లో ఆ మోడ్ పెట్టి బ్రేక్‌ని నాలుగు సెమీటోన్లు ఎక్కించి, రీశాంపిల్ చేసి, మళ్లీ దించి చూడండి. స్నేర్ మీద వచ్చే ఆ మసక నాకెంతో ఇష్టం.

పాట మొత్తాన్ని అమర్చే దగ్గర మషీన్ తేలిపోతుంది. సీన్లు, ప్యాటర్న్‌లుగా ఆలోచించడం ఎనిమిది బార్ల లూప్‌కి బాగుంటుంది. ఈ సంగీతంలో 16 బార్లంటే 22 సెకన్లు. ప్రతి ఎనిమిదో బారు చివర ఒక కొత్త డ్రమ్ ఎడిట్ పడాలి. వాటిని ప్యాటర్న్ కాపీల మీద కాపీలుగా చేస్తూ పోతే ఏది ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఎంపీసీ 3 వెర్షన్‌లో వరసగా అమర్చుకునే అరేంజ్‌మెంట్ వచ్చింది, ఆ విషయంలో అదే ముందుంది. నేను మషీన్‌ని డీఏడబ్ల్యూ (పాట రికార్డు చేసి అమర్చే సాఫ్ట్‌వేర్) లోపల ప్లగిన్‌గా తెరిచి, ప్యాటర్న్‌లని ఆడియోగా ట్రాక్ మీదికి లాగేసుకుంటాను. మిగతా పనంతా అక్కడే.

కంప్యూటర్ ముందు కూర్చుంటే పాట పుట్టదనేవాళ్లూ, బ్రేకులే తప్ప బేస్ మీద అంత మోజు లేనివాళ్లూ ఎంపీసీ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. బేస్ మలచడం కోసం ఈ సంగీతంలోకి వచ్చినవాళ్లకి నేను చెప్పేది మషీన్ ఎంకే3.

మిగతావి క్లుప్తంగా. ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికే వాడుతున్నవాళ్లకి దాని ప్యాడ్ల యంత్రం పుష్ సహజమైన ఎంపిక. ట్రాక్ ఇన్‌పుట్‌ని రీశాంప్లింగ్‌లో పెట్టడం, దాని శాంప్లర్ అయిన సింప్లర్‌లో స్లైస్ చెయ్యడం రెండూ తేలికే, అమరికలో ఏబుల్టన్ లైవ్‌కి మషీన్, ఎంపీసీ రెండూ సాటిరావు. ప్యాడ్ల స్పర్శ మాత్రం నాకు డ్రమ్స్‌కి మషీన్‌దే నచ్చుతుంది. ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ స్టెప్ స్టెప్‌కీ శబ్దం మార్చడంలో గొప్పది, కానీ మొదటి మోడల్‌లో ఎనిమిది ట్రాక్‌లు, అన్నీ మోనో. 2024 నాటి రెండో మోడల్ పదహారు ట్రాక్‌లతో, స్టీరియోతో వచ్చింది కాబట్టి చూడాలనుకుంటే అది చూడండి. రోలాండ్ ఎస్పీ-404 ఎంకే2 ఎఫెక్ట్‌లకి బాగుంటుంది, ఈ పనికి మొదటి యంత్రంగా వద్దు.

చిన్న మోడళ్ల గురించి అడిగినవాళ్లకి: మషీన్ మైక్రో ఎంకే3లో సాఫ్ట్‌వేర్ అదే, ప్యాడ్లు పదహారే. కానీ పెద్ద తెరలు రెండూ ఉండవు, ఎనిమిది నాబ్‌లూ ఉండవు. స్లైస్ చెయ్యాలంటే మౌస్ పట్టుకోవాల్సిందే, ఫిల్టర్ ఒక చేత్తో, వాల్యూమ్ ఇంకో చేత్తో తిప్పుతూ రికార్డు చెయ్యడం కుదరదు. ఎంపీసీ స్టూడియోకీ టచ్‌స్క్రీన్ లేదు, విడిగా నడవదు కూడా. రెండింట్లో ఏ వైపు వెళ్లినా కొన్నాళ్లు ఆగి పెద్దదే తీసుకోండి.