పులిని చూడాలంటే నల్లమలా, బందీపూరా?

తిరుపతి నుంచి కడప, నంద్యాల మీదుగా వెళ్తే ఆత్మకూరు దగ్గర బైర్లూటి, అంటే నల్లమల. చిత్తూరు, బెంగళూరు, మైసూరు దాటి వెళ్తే బందీపూర్.

పులి కనబడటమే ముఖ్యమైతే నా ఓటు బందీపూర్‌కే. 2022 లెక్కల్లో అక్కడ 150 పులులు తేలాయి. నల్లమలలోని మన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో 58. పైగా మనది విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం, మూడు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంత అడవిలో అన్ని తక్కువ పులులుంటే, జీపులో కాసేపు తిరిగినంత మాత్రాన ఎదురుపడుతుందా? అదృష్టముండాలి.

అయితే బందీపూర్‌లో జనం ఎక్కువ. పులి కనబడిందంటే జీపులు, వ్యాన్లు అన్నీ అక్కడికే చేరతాయి. నల్లమలలో ఆ గోల తక్కువ. అది చెంచుల అడవి. దుమ్ములో అడుగుజాడలు, చెట్టు మీద గోళ్ల గీతలు చూసి మురిసిపోయేవాళ్లకు అదే సరి.

చిరుత కోసమంటారా, మన శేషాచలంలోనే ఉన్నాయి. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఓ చిన్నపిల్లను చంపాక భక్తులకు చేతికర్రలిచ్చారు. అక్కడ చూడకపోవడమే మేలు!

ఎక్కడికైనా మార్చి, ఏప్రిల్ మంచివి. ఆకు రాలి చూపు ఆనుతుంది, జంతువులు నీళ్ల దగ్గరికొస్తాయి. ఎండ మాత్రం నల్లమలలోనే ఎక్కువ. వానాకాలంలో నల్లమల సఫారీ మూసేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే శ్రీశైలం దర్శనం కలుపుకోండి, వాళ్లూ వస్తామంటారు.