కిరండూల్ పాసింజర్: వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు

విశాఖ నుంచి అరకు వెళ్దామనుకునేవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే, అద్దాల బోగీకి అంత డబ్బు పెట్టొచ్చా అని. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ బోగీ తగిలించిన కిరండూల్ పాసింజరు ఎవరి పట్టాల మీద నడుస్తోందో తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది.

కొత్తవలస–కిరండూల్ లైను, అదే కేకే లైను, 1960లలో వేసింది మన కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ వైపు, కిరండూల్ దగ్గరున్న బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించి జపాన్‌కు పంపడానికి. దాదాపు 445 కిలోమీటర్లు, ఘాట్‌లో పదుల కొద్దీ సొరంగాలు, అదంతా సింగిల్ లైనుగానే కట్టారు. ఖాళీ వ్యాగన్లు పైకి, లోడు కిందికి, రాత్రీ లేదు పగలూ లేదు. పొద్దున ఏడు కాకుండానే విశాఖలో బయల్దేరే మన పాసింజరు వాటి సందుల్లోంచే దూరి వెళ్ళాలి. అరకు 130 కిలోమీటర్లు, నాలుగు గంటలు పడుతుంది. రోడ్డు మీదా ఇంచుమించు అంతే, కాబట్టి టైము కలిసొస్తుందని ఎవరూ ఎక్కరు.

ఎస్.కోట, బొడ్డవర దాటేదాకా మామూలు రైలే. శివలింగపురం నుంచి అసలు ఎక్కుడు. త్యాడ, చిమిడిపల్లి దగ్గర బండి లూప్‌లో, అంటే స్టేషన్లో పక్క పట్టా మీద, ఆగిందంటే పై నుంచి గూడ్సు వస్తోందన్నమాట. వేల టన్నులతో ఘాట్ దిగుతున్న లోడును మధ్యలో ఆపి మళ్ళీ కదిలించడం ఆషామాషీ పని కాదు, అందుకే పక్కకు తప్పుకునేది మనమే. ముందు ఇంజన్ల మోత, తర్వాత బ్రేకుల కీచు, ఆ తర్వాత ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, లెక్కపెట్టడం మొదలుపెట్టిన పిల్లలు విసుగొచ్చి మానేసేదాకా. నాకైతే ఆ ఆగడమే ఇష్టం. కాళ్ళు చాపుకోవచ్చు, వాగు చప్పుడు వినొచ్చు. కానీ సీతాఫలాల గంపతో తలుపు దగ్గర కూర్చున్నామె కూడా అదే రైల్లో ఉంటుంది. లూప్‌లో గడిచే అరగంట నాకు సరదా, ఆమెకు బేరం పోయినట్టే.

ఇక అద్దాల బోగీ. 2017లో పెట్టారు, పైకప్పుకు అద్దాలు, ఇటూ అటూ తిరిగే కుర్చీలు, ఏసీ. పెద్దవాళ్ళుంటే, చంటిపిల్లలుంటే డబ్బులకు న్యాయం జరుగుతుంది, అందులో అనుమానం లేదు. మిగతావాళ్ళకు నా సలహా, మామూలు రిజర్వేషన్ బోగీలో కిటికీ సీటు చాలు. అద్దాల్లోంచి కొండ కనిపిస్తుంది గానీ గాలి రాదు, సొరంగంలో పిల్లలు పెట్టే కేకల మజా కూడా మామూలు బోగీలోనే. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో జనరల్ బోగీ జోలికి మాత్రం పోకండి. అరకుకు ముందొచ్చే శిమిలిగుడ స్టేషన్లో ఫొటో దిగేవాళ్ళకు ఒక మాట: 996 మీటర్ల ఎత్తు నిజమే, దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అన్న పేరు మాత్రం కాశ్మీర్ లైనుకు ఎప్పుడో వెళ్ళిపోయింది.

చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే ఉంది. సాయంత్రం అరకులో మనం ఎక్కే బండి అరకులో పుట్టింది కాదు, పొద్దున్నే కిరండూల్ వైపు నుంచి బయల్దేరి 300 కిలోమీటర్లకు పైగా గూడ్సులకు దారులిచ్చుకుంటూ వచ్చింది. ఒక్కో క్రాసింగ్ దగ్గర పోయిన పది నిమిషాలూ పావుగంటా అన్నీ పోగై మన నెత్తిన పడతాయి. బస్తర్ వైపు భద్రత బాగోలేదని దంతెవాడలోనే రైలు ఆపేసిన సందర్భాలూ చాలా ఉన్నాయి, కొండచరియలు పడితే ఇక అంతే సంగతులు. అందుకే రాత్రికి విశాఖలో వేరే రైలో విమానమో ఉన్నవాళ్ళు దీన్ని నమ్ముకోవద్దు, అరకులో బస్సెక్కేయండి.

దీనికి మందు లేదా అంటే ఉంది. కొత్తవలస–కోరాపుట్ మధ్య డబ్లింగ్, అంటే రెండో లైను వేసే పని, ముక్కలుముక్కలుగా సాగుతోంది. కొంత ఖనిజం నీళ్ళలో కలిపి 267 కిలోమీటర్ల పైపులో నేరుగా విశాఖకు వచ్చేస్తోంది, అయినా గూడ్సుల వరస తగ్గినట్టు నా కంటికైతే ఆనలేదు. రెండో లైను మొత్తం పూర్తయ్యేదాకా కూర్చోకుండా, విశాఖ–అరకు మధ్యే తిరిగే చిన్న బండి ఒకటి రోజూ నడిపితే చాలనిపిస్తుంది. అరకులోనే బయల్దేరుతుంది కాబట్టి బస్తర్ ఆలస్యాలు దానికి అంటవు. సీజన్లో స్పెషళ్ళు వేస్తూనే ఉన్నారు, అంటే దారి దొరకని పని కాదు. కాకపోతే అది టూరిస్టుల టైముకు కాదు, గంపలవాళ్ళ టైముకు ఉండాలి. పొద్దున అరకులో బయల్దేరి సాయంత్రం తిరిగి చేరేలా వేస్తే, డిసెంబరు పోయినా బండి ఖాళీగా తిరగదు.

పోయేటప్పుడు 5కి 4. వచ్చేటప్పుడు 2, అదీ టికెట్ చవక కాబట్టి.