ఒక్క గుద్దా, విడవని పట్టా: బరిలో ఏది ఎక్కువ భయపెడుతుంది?

అమెరికాలో శనివారం రాత్రి జరిగే యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరాటాల సంస్థ) పెద్ద పోటీలు మనకు ఆదివారం పొద్దున, అనంతపురంలో ఉగ్గాని, బజ్జీలు తినే వేళకు వస్తాయి. మా జిమ్ములో సాధన చేసేవాళ్లమంతా ఒకే ఫోను చుట్టూ చేరి చూస్తాం. చూసిన ప్రతిసారీ ఒకటే వాదం మిగిలిపోతుంది. ఒక్క గుద్దుతో పడగొట్టే ఫ్రాన్సిస్ ఎన్‌గానూకు ఎదురుగా నిలబడటం భయంకరమా, పట్టిన పట్టు విడవని ఖబీబ్ నుర్మగొమెదోవ్ కింద పడి ఉండటం భయంకరమా? మావాళ్లలో ఎక్కువమంది ఎన్‌గానూ పేరే చెబుతారు. నేను మాత్రం ఖబీబ్ పక్షం.

ఎన్‌గానూను చూసి ఎందుకు జంకుతారో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. కామెరూన్‌లోని బాటియేలో పుట్టి, చిన్నతనంలోనే ఇసుక క్వారీలో కూలిపని చేసిన మనిషి అతడు. గరిష్ఠంగా 120 కిలోల బరువును అనుమతించే హెవీవెయిట్ విభాగంలో పోరాడాడు. 2017 డిసెంబరులో అలిస్టెయిర్ ఓవరీమ్ గడ్డం కిందికి ఎడమచేత్తో పైకెత్తి కొట్టిన గుద్దును నెమ్మదిగా తిప్పి చూస్తే, ముందు తల వెనక్కి విరిగినట్టు వాలిపోతుంది, ఆ తరువాతే ఒళ్లు కూలుతుంది. ఓవరీమ్ అనామకుడేమీ కాదు, 2010లో కే-1 గ్రాండ్ ప్రి గెలిచిన కిక్‌బాక్సర్. 2019లో కెయిన్ వెలాస్క్వెజ్ 26 సెకన్లలో పడిపోయాడు. అప్పటిదాకా ఓటమి ఎరుగని రోజెన్‌స్ట్రైక్ 2020 మే నెలలో 20 సెకన్లే నిలిచాడు.

అయితే ఈ భయం దాదాపుగా పోటీకి ముందే ఖర్చయిపోతుంది. ప్రత్యర్థికి నిద్ర పట్టకపోవడం, బరువు తూచే రోజున కళ్లలోకి చూడలేకపోవడం, గంట మోగగానే కాళ్లు వెనక్కి లాగడం, ఇవన్నీ మొదటి అయిదు నిమిషాల సంగతులు. ఆ అయిదు నిమిషాలూ దాటగలిగినవాడికి ఒక దారి కనిపిస్తుంది. 2018 జనవరిలో అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ స్టీపె మియోచిచ్ చేసింది అదే. గుద్దుల నుంచి తల తప్పించుకుని, కాళ్లు పట్టి పడవేసి, బరి చుట్టూ ఉండే జాలీకి అదిమి ఆ భారీ కాయాన్ని అలసిపోయేలా చేశాడు. అయిదు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతలూ మియోచిచ్‌కే 50-44 పాయింట్లతో గెలుపు ఇచ్చారు. మన పక్క పల్లెల్లో తిరునాళ్లకు జరిగే బండలాగుడు చూసినవారికి ఇది కొత్త కాదు. మొదటి ఊపులో జనాన్ని కేకలు వేయించిన జత కంటే, సమయం అయిపోయేదాకా అడుగు తగ్గకుండా లాగిన జతే ఎక్కువ దూరం లాగుతుంది. ఇంకో విశేషం, ఆ ఓటమి తరువాత భయం ఎన్‌గానూనే పట్టుకుంది. అదే ఏడాది జులైలో డెరిక్ లూయిస్‌తో జరిగిన పోరులో అతడు చెయ్యి విసరడానికే వెనుకాడాడు, కిందటి పోటీ భయాన్ని వెంట మోసుకొచ్చానని ఆ తరువాత తానే ఒప్పుకున్నాడు. 2021 మార్చిలో మియోచిచ్‌ను రెండో రౌండులోనే పడగొట్టి ఆ బాకీ తీర్చుకున్నాడనుకోండి, అది వేరే మాట.

ఖబీబ్ దగ్గర పరిస్థితి తలకిందులు. రష్యాలోని దాగెస్తాన్ నుంచి వచ్చిన ఈ 70 కిలోల విభాగం మల్లుడు వీధిలో ఎదురైతే ఎవరూ పక్కకు తప్పుకోరు. బరిలో ఏం చేయబోతాడో కూడా అందరికీ ముందే తెలిసేది: కాళ్లు పట్టి జాలీ దగ్గర పడవేసేవాడు, తన కాళ్లతో ప్రత్యర్థి రెండు కాళ్లనూ మెలివేసి కట్టేసేవాడు, ప్రత్యర్థి మణికట్టు ఒకదాన్ని అతని వీపు వెనకే బిగించి పట్టుకుని, ఖాళీగా ఉన్న తన చేత్తో ముఖం మీద గుద్దేవాడు. తెలిసి కూడా ఆపలేకపోవడమే అసలు నరకం. 2016 నవంబరులో మైకేల్ జాన్సన్‌ను అలాగే అదిమిపట్టి, గుద్దుతూనే, ఇక వదిలేయమని అతనికి నచ్చజెప్పాడు. జోసె ఆల్డోను 13 సెకన్లలో పడగొట్టిన కానర్ మెక్‌గ్రెగర్ అంతటివాడు 2018 అక్టోబరులో నాలుగో రౌండుదాకా నలిగి, మెడపట్టుకు చెయ్యి తట్టి ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ బరువు ఎలా ఉంటుందో నాకు కొద్దిగా తెలుసు. మా గురువుగారు 80 కిలోలకు మించరు. ఒకరోజు సాధనలో ఆయన నా పక్కటెముకల మీద ఛాతీ ఆనించి ఊరకే ఉండిపోయారు. నేను ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆయన ఒక వేలెడు కిందికి దిగేవారు, మళ్లీ పీల్చుకోబోతే ఆ వేలెడు చోటు ఉండేది కాదు. చెంపకు అంటుకున్న రబ్బరు చాప వాసన ఇప్పటికీ గుర్తుంది. మెడ మీద గానీ చేతి మీద గానీ ఏ పట్టూ లేకుండానే, రెండు నిమిషాలలోపే నేను చాప మీద చెయ్యి తట్టేశాను. గుద్దు తగిలి పడిపోయినవాడికి ఆ క్షణం గుర్తుండదు. నాకు మాత్రం ప్రతి సెకనూ గుర్తుంది.

ఎన్‌గానూ పక్షంవారి అభ్యంతరం ఒకటి నిజంగా బలమైనదే. ఖబీబ్ గెలిచిన 29 పోటీల్లో 10 న్యాయనిర్ణేతల దాకా వెళ్లాయి, అంటే పదిసార్లు ప్రత్యర్థి తన కాళ్ల మీద తాను ఇంటికి వెళ్లాడు. ఎన్‌గానూ విషయంలో ఒక్క పొరపాటు చాలు, అంతటితో సరి. శరీరానికి కలిగే అపాయమే కొలమానమైతే నేను ఆ మాటకు తలవంచుతాను. కానీ భయం వేరు, అపాయం వేరు. ఎన్‌గానూ ఎదుట ఉన్నవాడికి చివరిదాకా ఒక ఆశ ఉంటుంది, తప్పుకుంటే చాలునని. ఖబీబ్ కింద ఉన్నవాడికి అయిదు నిమిషాల రౌండులో ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయన్న లెక్క తప్ప మరేమీ ఉండదు, పైగా వచ్చే రౌండులోనూ అదే జరుగుతుందని తెలుసు.

2022 జనవరిలో మోకాలి గాయంతోనే బరిలోకి దిగిన ఎన్‌గానూ, అంతవరకూ ఓడని సిరిల్ గాన్‌తో మొదటి రెండు రౌండ్లూ నిలబడి కొట్లాడి వెనుకబడ్డాడు. మూడో రౌండు నుంచి గుద్దులు పక్కనబెట్టి, గాన్‌ను ఎత్తి పడవేసి, మీద కూర్చున్నాడు. ఛాంపియన్ బెల్టు అలాగే నిలబెట్టుకున్నాడు. ఆ ఆదివారం మా ఫోను చుట్టూ ఉన్నవాళ్లలో నన్ను తప్ప ఎవరినీ మాట్లాడనివ్వలేదు నేను.